ఆస్ట్రేలియా పీఆర్ కోటా: పొలం బేరానికి పెట్టకముందే వేసుకోవాల్సిన లెక్క

దేవరకొండ నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. "ఆస్ట్రేలియావోళ్లు ఈ ఏడు లక్షా ఎనభై అయిదు వేల మందిని తీసుకుంటున్నరట గదరా. అంతమందిల మనోనికి ఒక్క జాగ దొరకదా? రెండెకరాలు బేరానికి పెడుతున్న" అన్నాడు.

ఆయన చెప్పిన సంఖ్య నిజమే. 2025-26 సంవత్సరానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం పెట్టుకున్న శాశ్వత వలసల కోటా 1,85,000. కాకపోతే ఆ సంఖ్యలో ఆయన కొడుకు వరసకు వచ్చేది ఎంతో ఎవరూ ఆయనకు చెప్పలేదు. తొందరపడి ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోవద్దని చెప్పి, ఆదివారం దేవరకొండ వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు నోట్‌బుక్‌లో వేసి చూపించిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. మా తమ్ముడి ఫైలుతో మేము రెండేళ్లు పడ్డ తిప్పల నుంచి నేర్చుకున్నది ఇది. మీ ఇంట్లో పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే వీసా, మాట వస్తే, ఏ కన్సల్టెన్సీకీ డబ్బు కట్టకముందే ఒక సాయంత్రం ఈ పని చేయండి.

మొదట పెద్ద సంఖ్యను చీల్చండి

పేజీ పైన 1,85,000 అని రాయండి. దాని కింద రెండు కొమ్మలు గీయండి. ఒక కొమ్మకు 1,32,200. అది చదువు, అనుభవం మీద వెళ్లేవాళ్ల వాటా. రెండో కొమ్మకు 52,500. అది కుటుంబ సంబంధం మీద వెళ్లేవాళ్లది. మిగిలిన 300 ప్రత్యేక కేసులు, వాటిని వదిలేయండి.

ఇప్పుడు మొదటి కొమ్మను ఇంకా చీల్చాలి. 2024-25లో కూడా మొత్తం 1,85,000 గానే ఉండింది. ఆ ఏడాది లోపలి పంపకం ఇలా జరిగింది. కంపెనీలు స్పాన్సర్ చేసేవాళ్లకు 44,000. రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తే వచ్చే 190 వీసాకు 33,000. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతా ప్రాంతాల్లో ఉంటామని ఒప్పుకుని వెళ్లే రీజనల్ వీసాలకు 33,000. ఏ స్పాన్సరూ అక్కర్లేని 189 వీసాకు 16,900. మిగిలింది వ్యాపారులకూ, అరుదైన ప్రతిభ ఉన్నవాళ్లకూ.

మన దగ్గర అందరూ అడిగేది 189 గురించే. ఎవరి దయా అక్కర్లేదు, ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి అందరికీ దాని మీదే ఆశ. చూశారు కదా, దాని వాటా 16,900.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ఇవన్నీ తలల లెక్క, ఫైళ్ల లెక్క కాదు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి వెళ్తే కోటాలో నాలుగు సీట్లు తగ్గుతాయి. అన్నీ నలుగురేసి ఉన్న కుటుంబాలే అనుకుంటే 16,900 సీట్లు 4,225 ఫైళ్లకు సరిపోతాయి. ఆ ఫైళ్లు ప్రపంచం మొత్తానివి. ఇప్పటికే అక్కడ చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ పీఆర్ కోసం చూస్తున్నవాళ్లవి కూడా వాటిలోనే ఉంటాయి. మా మామకు ఈ 4,225 అన్న అంకె రాసి చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. భయపెట్టాలని చూపించలేదు. అమ్మాలనుకున్న పొలం ఆయన తండ్రి దున్నిన పొలం. అమ్మేముందు అసలు అంకె తెలియాలి కదా.

కోటాలో సీటు లెక్కకు వచ్చేది వీసా మంజూరైన రోజున. అప్లై చేసిన రోజుకు దానితో సంబంధం లేదు. వాళ్ల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఏ వరసలోనైనా ఆ ఏటి సీట్లు అయిపోతే, పెట్టిన ఫైలు కొట్టేయరు. జూలై 1 తర్వాతి కొత్త కోటా దాకా అది అలా ఆగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫైలు కదలకపోతే "రిజెక్ట్ అయిందేమో" అని టెన్షన్ పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత గ్రీన్‌కార్డ్ లెక్కను పక్కన పెట్టండి

మనలో చాలామందికి వలస కోటా అంటే అమెరికా లెక్కే తెలుసు. అక్కడ ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఏ దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతం మించకూడదని నియమం. అందుకే మనవాళ్లు ఏళ్ల తరబడి నెలనెలా వీసా బులెటిన్ చూసుకుంటూ కూర్చుంటారు. కాకపోతే అక్కడ మీ తేదీ మీదే. ఎంత ముందు లైన్లో నిలబడితే అంత ముందు.

ఆస్ట్రేలియా నైపుణ్య వీసాల్లో దేశానికి ఇంత అనే వాటా లేదు. ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి కూడా లేదు. మీరు ఆన్‌లైన్లో ఈఓఐ అనే ఆసక్తి పత్రం వేస్తారు. దానికి రూపాయి ఫీజు లేదు. రెండేళ్లు ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది. ప్రభుత్వం అప్పుడప్పుడు రౌండ్లు పెట్టి, ఒక్కో వృత్తిలో ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్లను పిలుస్తుంది. ఇద్దరికి సమాన పాయింట్లు ఉంటేనే తేదీ చూస్తారు. ఈ రోజు 95 పాయింట్లతో వచ్చినవాడు, ఏడాదిన్నరగా 85తో ఎదురుచూస్తున్నవాణ్ని దాటి వెళ్లిపోతాడు.

ఎంసెట్ కౌన్సెలింగ్ చేయించిన ఇంట్లో ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. క్వాలిఫై అవడం ఒకటి, కోరుకున్న కాలేజీలో కోరుకున్న బ్రాంచి రావడం ఇంకొకటి. ఆస్ట్రేలియాకు 65 పాయింట్లు అంటే క్వాలిఫై మార్కు. కటాఫ్ మాత్రం సీట్లను బట్టి, మీ వృత్తిలో పోటీని బట్టి రౌండు రౌండుకూ మారుతుంది. నర్సులను, టీచర్లను తక్కువ పాయింట్లకే పిలుస్తున్నారు, ఎందుకంటే వాళ్లకు అక్కడ కొరత ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు 65 దగ్గర పిలుపు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఇంట్లో ఇంజినీరు కొడుకు గురించే ఆలోచిస్తారు కానీ, నర్సు కూతురికి దారి ఇంకా దగ్గరగా ఉందేమో చూడరు. దయచేసి చూడండి.

పాయింట్లు వేసుకోండి, నెలనెలా మళ్లీ వేసుకోండి

పాయింట్ల పట్టిక చిన్నదే. వయసు 18 నుంచి 24 అయితే 25, 25 నుంచి 32 అయితే 30, 33 నుంచి 39 అయితే 25, 40 నుంచి 44 అయితే 15. నలభై అయిదు నిండితే ఈ దారి మూసుకున్నట్టే. ఇంగ్లీషు ఐఈఎల్‌టీఎస్‌లో అన్నిట్లో 7 వస్తే 10, అన్నిట్లో 8 వస్తే 20. డిగ్రీకి 15, పీహెచ్‌డీకి 20. మన దేశంలో చేసిన ఉద్యోగానికి మూడేళ్లు దాటితే 5, అయిదేళ్లు దాటితే 10, ఎనిమిదేళ్లు దాటితే 15. పెళ్లి కాకపోతే 10. పెళ్లయితే, జీవిత భాగస్వామికి కూడా తగిన వృత్తి, అసెస్‌మెంట్ (చదువు, అనుభవం ఆ వృత్తికి సరిపోతాయని సంబంధిత సంస్థ పరిశీలించి ఇచ్చే పత్రం) ఉంటే 10, మామూలు స్థాయి ఇంగ్లీషు పరీక్ష పాసైతే 5, ఏదీ లేకపోతే సున్నా. రాష్ట్రం నామినేట్ చేస్తే 5, 491 అనే రీజనల్ వీసాకు అయితే 15.

పట్టిక చూసి కూడి, "మనకు ఇన్ని" అని గోడ మీద రాసుకుంటే సరిపోదు. మీకు పిలుపు వచ్చిన రోజున ఎన్ని పాయింట్లు ఉన్నాయన్నదే లెక్క. మేము ఇక్కడే దెబ్బ తిన్నాం.

2023 ఆగస్టులో మా తమ్ముడికి 31 ఏళ్లు. వయసుకు 30, ఇంగ్లీషుకు 20, బీటెక్‌కు 15, అనుభవానికి 10, పెళ్లి కాలేదు కాబట్టి 10, తెలుగు భాషా పరీక్షకు 5 (దాని సంగతి కింద చెప్తాను). మొత్తం 90. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఈఓఐ వేశారు. "90 అంటే మీకు తిరుగులేదు" అన్నారు. లాగిన్ అడిగితే ఇవ్వలేదు. అది మా ఆఫీసు పద్ధతి అన్నారు.

2024 ఫిబ్రవరిలో వాడి పెళ్లయింది. పెళ్లి పనుల్లో ఈఓఐ సంగతి ఎవరికీ గుర్తు లేదు. పెళ్లి కాని 10 పాయింట్లు పోయి 80కి దిగాడు. మరదలు జూలైలో పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్ష రాసి పాసయ్యాక 85 అయింది. నవంబరులో వాడికి 33 నిండాయి. మళ్లీ 80. ఈ మధ్యలో, 2024 జూలైలో ఇంకో సంగతి జరిగింది. మొత్తం కోటా 1,90,000 నుంచి 1,85,000కు తగ్గింది. పేపర్లో చూసి అయిదు వేలే కదా అనుకున్నాం. లోపల చూస్తే 189 వాటా 30,375 నుంచి 16,900కు పడిపోయింది. అంటే పైన తగ్గింది 5,000, మేము నిలబడ్డ వరసలో తగ్గింది 13,475. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం "కోటా పెరుగుతుంది, ఓపిక పట్టండి" అంటూనే ఉన్నారు.

గట్టిగా గొడవపడితే చివరికి లాగిన్ ఇచ్చారు. తెరిచి చూస్తే వాడికి పెళ్లి కాలేదనే ఉంది. ఆ పది పాయింట్లు అలాగే ఉన్నాయి. వయసు పాయింట్లను సిస్టమ్ తానే తగ్గించుకుంటుంది, పెళ్లి సంగతి మనం మారిస్తేనే మారుతుంది. ఆ తప్పుడు పాయింట్లతో పిలుపు వచ్చి, మేము ఫీజు కట్టి ఉంటే, అప్లికేషన్ కొట్టేసేవాళ్లు. కట్టిన ఫీజు వెనక్కి రాదు. పైగా ఒక్క 189కి మాత్రమే ఈఓఐ వేశారు. రాష్ట్రాల వైపు ఒక్కటీ వేయలేదు.

అందుకని మీరు చేయాల్సింది ఇది. నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తీసి, ఎడమవైపు వచ్చే రెండేళ్ల నెలలు ఒకదాని కింద ఒకటి రాయండి. 25, 33, 40, 45 ఏళ్లు నిండే నెల ఏదైనా అందులో ఉంటే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఉద్యోగానికి మూడేళ్లు, అయిదేళ్లు, ఎనిమిదేళ్లు నిండే నెల గుర్తు పెట్టండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అసెస్‌మెంట్ చేసే ఏసీఎస్ సంస్థ మొదటి రెండేళ్లో, అంతకంటే ఎక్కువో అనుభవాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, అది తీసేశాకే లెక్కపెట్టండి. ఇంగ్లీషు మార్కులు మూడేళ్లు చెల్లుతాయి. అసెస్‌మెంట్ పత్రం మూడేళ్లు, కొన్ని సంస్థలది అంతకన్నా తక్కువే. వాటి గడువు నెలలు కూడా రాయండి. ప్రతి నెల పక్కన ఆ నెలకు మీ పాయింట్లు ఎన్నో వేయండి. ఏ నెలలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నాయో ఆ నెలకు ముందే మీ ఈఓఐ సిద్ధంగా ఉండాలి.

పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లలో ఒక మాట విడిగా చెప్పాలి. పాయింట్లు పిలుపు వచ్చిన రోజు నాటికి చూస్తారు కాబట్టి, పిలుపు వచ్చాక పెళ్లయితే ఆ పది పాయింట్లు పోవు. వీసా నిర్ణయం వచ్చేలోపు కొత్త కోడలి పేరు అదే ఫైలులో చేర్చుకోవచ్చు. పాయింట్ల కోసం పెళ్లి ఆపమని చెప్పడం లేదు. ముహూర్తం ఎటూ రెండు మూడు నెలలు అటూఇటూ అయ్యేట్టుంటే ఈ సంగతి తెలిసి నిర్ణయించుకోవడం మంచిది. పెళ్లి ముందే అయిపోతే, ఆ అమ్మాయితో ఇంగ్లీషు పరీక్ష రాయించండి.

తెలుగు పరీక్ష గురించి కూడా రెండు మాటలు. సీసీఎల్ అనే ఈ పరీక్షకు అయిదు పాయింట్లు. ఇంగ్లీషులో ఒకరు, తెలుగులో ఒకరు మాట్లాడే సంభాషణలు రెండు వినిపిస్తారు. ఒకరి మాట ఇంకొకరి భాషలోకి మనం చెప్పాలి. ఒక్కో సంభాషణకు 45 మార్కులు, ఒక్కోదానిలో కనీసం 29, మొత్తం 90లో 63 రావాలి. మన తెలుగే కదా అని వెళ్తే ఇబ్బందే. తమ్ముడు మొదటిసారి ఇంట్లో ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు కోర్టు వాయిదా, బీమా, అద్దె ఒప్పందం లాంటి మాటలు నోటికి రాక మధ్యలో ఆగిపోయేవాడు. మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమెకు అర్థమయ్యేట్టు ఇంగ్లీషు పేరాలను తెలుగులో చెప్పడం నెల రోజులు చేశాడు. నాకు తెలిసి అంతకంటే మంచి కోచింగ్ లేదు.

మీ వరస ఎంచుకోండి

189 ఒక్కదాని మీదే కూర్చోవద్దు. 190కి, 491కి కూడా ఈఓఐ వేయండి. రాష్ట్రాలకు ప్రభుత్వం ఏటా నామినేషన్ల కోటా పంచుతుంది. 2024-25లో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, వెస్టర్న్ ఆస్ట్రేలియాలకు తలా 5,000. సౌత్ ఆస్ట్రేలియాకు 3,800. అంత పెద్ద రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌కు 1,200 మాత్రమే. కాబట్టి బంధువులు ఏ ఊళ్లో ఉన్నారో దాన్ని బట్టి కాకుండా, ఏ రాష్ట్రం మీ వృత్తిని అడుగుతోంది, దాని చేతిలో ఎన్ని నామినేషన్లు ఉన్నాయి, దేశం బయట ఉన్నవాళ్లను తీసుకుంటుందా అన్నవి చూసి ఎంచుకోండి. ఈ మూడూ ఆయా రాష్ట్ర ప్రభుత్వాల సైట్లలో ఉంటాయి, ఏటా మారతాయి.

491 అంటే మనవాళ్లు ముఖం ముడుస్తారు. అది పీఆర్ కాదు, నిజమే. అయిదేళ్ల తాత్కాలిక వీసా. రీజనల్ ప్రాంతంలో మూడేళ్లు ఉండి, ఉద్యోగం చేసి పన్ను లెక్కలు చూపిస్తే 191 అనే పీఆర్ వస్తుంది. రీజనల్ అంటే అడవి అనుకోవద్దు. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా, గోల్డ్ కోస్ట్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. 80తో 189 వరసలో ఆగిపోయిన మా తమ్ముడు, పదిహేను కలిసి 95తో 491 వరసలో ముందుకు వచ్చాడు. ఇప్పుడు అడిలైడ్‌లో ఉన్నాడు.

కంపెనీ స్పాన్సర్ చేసే తాత్కాలిక వీసా 482 ఇంకో దారి. దానికి ఏటేటా కోటా ఏమీ లేదు. కంపెనీకి మనిషి కావాలి, ఇంత జీతం ఇవ్వాలి, అంతే. అక్కడ రెండేళ్లు చేశాక 186 పీఆర్‌కు పెట్టుకుంటే అప్పుడు 44,000 వాటాలోకి వస్తారు. అయితే "ఇరవై లక్షలు కడితే స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తాం" అనే మాట విన్నారంటే లేచి వచ్చేయండి. స్పాన్సర్‌షిప్‌కు డబ్బు తీసుకోవడం, ఇవ్వడం రెండూ అక్కడి చట్టం ప్రకారం తప్పే.

ఇంకొకటి. మేట్స్ అని 2024 చివర్లో మన దేశం వాళ్ల కోసమే పెట్టిన పథకంలో ఏడాదికి 3,000 మందికి లాటరీ తీస్తున్నారు. అది రెండేళ్ల తాత్కాలిక వీసా. దాన్ని పీఆర్ లాటరీ అని అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త.

జూలైకి ముందే కాగితాలు

రోహిణి కార్తెలో దుక్కి సిద్ధం చేసుకోకుండా, వాన పడ్డాక నాగలి వెతుక్కునే రైతు ఉండడు. ఇదీ అంతే. కొత్త కోటా జూలై 1న మొదలవుతుంది. రాష్ట్రాలు ఆ తర్వాతి నెలల్లో తలుపులు తెరుస్తాయి, సీట్లు నిండితే మూసేస్తాయి. 2025-26కి అయితే మొత్తం సంఖ్యను సెప్టెంబరు 2న గానీ ప్రకటించలేదు. కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లకు ఆ ఆలస్యం నష్టం చేయదు. పిలుపు వచ్చాక అప్లై చేయడానికి మీకు ఉండేది 60 రోజులే. మే నెలాఖరుకల్లా అన్నీ చేతిలో ఉండాలి.

కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ఒరిజినల్ డిగ్రీ ముందుగా తెచ్చుకోండి. జేఎన్‌టీయూ, ఉస్మానియా, మహాత్మా గాంధీ, పాలమూరు యూనివర్సిటీల్లో ఎక్కడ చదివినా ఓడీ కోసం తిరగడానికి టైమ్ పడుతుంది. చాలామంది ప్రొవిజనల్‌తోనే ఏళ్లు గడిపేస్తారు. అనుభవానికి కంపెనీ లెటర్ ఒక్కటే చాలదు. ఏ పని చేశారో రాసి ఉన్న లెటర్, ఫారం 16, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ జతగా పెట్టండి. మూతపడ్డ చిన్న కంపెనీలో చేసి ఉంటే అప్పటి మేనేజర్‌ను ఇప్పుడే వెతకండి.

పేర్ల తేడా మన దగ్గర పెద్ద జబ్బు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్. మా మరదలి పేరులో ఒక్క అక్షరం కోసం మున్సిపాలిటీకి, మీ సేవకు కలిపి ఏడుసార్లు తిరిగాం. అన్ని కాగితాలూ నేల మీద పరిచి, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉన్నవి పక్కకు తీసి సరిచేయించడం మొదలుపెట్టండి. పోలీసు క్లియరెన్స్, మెడికల్ మాత్రం ముందే చేయించొద్దు. అవి ఏడాదికే పాతబడతాయి.

జీవిత భాగస్వామికి పనికొచ్చేంత ఇంగ్లీషు ఉందని చూపించలేకపోతే దాదాపు మరో అయిదు వేల ఆస్ట్రేలియా డాలర్లు అదనంగా కట్టాల్సి వస్తుంది. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే కాలేజీ నుంచి ఆ మేరకు ఒక లెటర్ తెచ్చుకుంటే సరిపోతుంది. కాలేజీ గుమస్తా సంతకానికి రెండు రోజులు తిరిగినా, ఆ లెటర్ దాదాపు మూడు లక్షల రూపాయలు మిగులుస్తుంది.

డబ్బు ఎప్పుడు బయటికి తీయాలి

పాలమూరు, దేవరకొండ ప్రాంతాల్లో వలస కొత్త మాట కాదు. మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టి ప్రాజెక్టుల కట్టల మీదికి, బొంబాయికి తీసుకుపోయిన తరాలు మనవి. ఆ అడ్వాన్స్ తీరక ఎన్ని ఇళ్లు నలిగాయో ఇప్పటి పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ఇప్పుడు అడ్వాన్స్ మనం కడుతున్నాం, అదీ అప్పు తెచ్చి. అందుకే నేను ఈ విషయంలో ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

ఖర్చును మెట్లుగా పెట్టుకోండి. మొదటి మెట్టు ఇంగ్లీషు పరీక్ష. కావాల్సిన మార్కులు రాకపోతే అక్కడే ఆగి మళ్లీ చదవండి, పైమెట్టుకు వెళ్లొద్దు. 2025 ఆగస్టు 7 నుంచి పీటీఈ మార్కుల లెక్క మారింది, అన్నిట్లో 79 వస్తే చాలు అనే పాత వీడియోలు నమ్మకండి. రెండో మెట్టు అసెస్‌మెంట్. మూడోది ఈఓఐ, దానికి ఖర్చు లేదు. ఇంతవరకు పొలం అమ్మాల్సిన అవసరమే రాదు. అసలు ఖర్చు పిలుపు వచ్చాక. 2025 జూలై నుంచి 189కి ప్రధాన దరఖాస్తుదారు ఫీజు దాదాపు 4,900 డాలర్లు, భార్యకు అందులో సగం, పిల్లలకు పావు. ముగ్గురి కుటుంబానికి అయిదు లక్షల రూపాయల దాకా అవుతుంది. ఏటా జూలై 1న పెరుగుతుంది కూడా. 189కి బ్యాంకులో ఇంత డబ్బు చూపించాలనే నియమం లేదు. "అకౌంట్లో పాతిక లక్షలు చూపించాలి, మేమే సర్దుతాం, వడ్డీ ఇవ్వండి" అని ఎవరైనా అంటే ఆ నియమం ఎక్కడుందో ప్రభుత్వ సైటులో చూపించమనండి.

సాయం కావాలంటే ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంట్‌ను పెట్టుకోండి. వాళ్లకు ఏడంకెల నంబర్ ఉంటుంది, అది అక్కడి ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉందో లేదో ఎవరైనా చూడొచ్చు. ఆస్ట్రేలియా బయట ఉన్న కన్సల్టెన్సీకి ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అందుకే మీరే అడగాలి. ఎవరితో వెళ్లినా ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి: ఈఓఐ లాగిన్ మా దగ్గర కూడా ఉంటుంది, ఏ వీసాలకు ఈఓఐ వేస్తున్నారో పేర్లతో సహా ఉంటుంది, ఫీజు దశలవారీగా పని అయ్యాకే కడతాం.

పేపర్లో "వలసలు సగానికి కోత" అని వస్తే కంగారు పడకండి. అది చాలాసార్లు నికర వలస గురించి ఉంటుంది. అంటే చదువుకు, తాత్కాలిక పనికి వచ్చినవాళ్లందరినీ కలిపి, వెళ్లిపోయినవాళ్లను తీసేసిన లెక్క. అది 2022-23లో అయిదు లక్షలు దాటింది. ఆ ఏడాది పీఆర్ కోటా 1,95,000 మాత్రమే. రెండూ వేర్వేరు. కెనడాలో అయితే కోతే పడింది. అక్కడ పీఆర్ లక్ష్యం 2024లో 4,85,000 ఉండగా 2025కి 3,95,000, 2026కి 3,80,000 చేశారు. ఏ దేశమైనా మొత్తం చదివి ఆగకండి, మీ వరసకు ఎంత ఇచ్చారో ఆ పట్టిక దాకా వెళ్లండి.

అమ్మానాన్నల సంగతి

వెళ్లే పిల్లలు ఇది ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడాలి. "ముందు నేను పోయి, తర్వాత మిమ్మల్ని తీసుకుపోతా" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. కోటాలో తల్లిదండ్రులకు ఉన్నది 8,500. మామూలు పేరెంట్ వీసాకు ఇప్పుడు అప్లై చేస్తే దాదాపు 31 ఏళ్లు పడుతుందని ఆ ప్రభుత్వమే చెప్తోంది. ఎక్కువ డబ్బు కట్టే రకానికి మనిషికి 48,000 డాలర్ల దాకా అవుతుంది, దానికీ 14 ఏళ్ల పైమాటే. మా తమ్ముడు 491 మీద ఉన్నాడు కాబట్టి పీఆర్ వచ్చేదాకా, అంటే కనీసం మూడేళ్లు, వాడు అప్లికేషన్ పెట్టడానికి కూడా లేదు. నాన్నకు 62. మూడు, ముప్పై ఒకటి కలిపితే 96 ఏళ్లకు ఆయన వరస వస్తుంది. ఈ కూడిక వేసినప్పుడు నాకు చేయి ఆడలేదు.

అందుకని మేము కోటా లేని దారి చూసుకున్నాం. విజిట్ వీసా 600 ఉంది, ఒకసారి వెళ్తే కొన్ని నెలలు ఉండొచ్చు. కొడుకు లేదా కూతురు అక్కడ పీఆర్ తెచ్చుకుని, మొత్తం నాలుగేళ్లు స్థిరపడ్డాక, చెప్పినంత ఆదాయం ఉంటే 870 అనే తాత్కాలిక పేరెంట్ వీసాకు స్పాన్సర్ చేయొచ్చు. అది మూడేళ్లకో అయిదేళ్లకో ఇస్తారు, దానికి ఏడాదికి 15,000 పరిమితి ఉంది, ఆరోగ్య బీమా సొంతంగా కట్టుకోవాలి. 870 తర్వాత చూద్దామని, ప్రస్తుతానికి విజిట్ వీసా ఫారం నింపుతున్నాం. అమ్మ ఎప్పుడంటే అప్పుడు వస్తానంది. నాన్న మాత్రం బత్తాయి కోత అయ్యాకే అన్నాడు, తోటకు నీళ్లు పెట్టడానికి మనిషిని కుదిర్చాక.